నిద్ర లేపని పిల్ల

ఫిలోమినా చేసిన చివరి ఇంటిపని ఎండు రొయ్యల తలలు గిల్లడం.

పెరటి మెట్టు మీద కూర్చుంది. ఒళ్లో చాట. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరో తల్లికి మర్నాటి సంగతి గుర్తుచేస్తోంది. “జలుబుంటే పర్లేదమ్మా, తీసుకొచ్చెయ్. జొరముంటే మటుకు ముందు నాకు ఫోన్ చెయ్. ఆఁ, మీ అత్తగారిని కూడా తీసుకురా, ఆవిడకి బీపీ చూత్తాను.” ఫోను పెట్టేసి, గిల్లిన రొయ్యల్ని ఒక పక్కకీ గిల్లనివాటిని ఇంకో పక్కకీ నెట్టి, ముందుగదిలో ఆటో సీటు కవరు కుట్టుకుంటున్న భర్తను కేకేసింది.

“వంకాయలు తెచ్చారా?”

లూయిస్ సూది ఇంకాస్త వేగంగా ఆడించాడు.

“తేలేదన్నమాట. సరే, ఒట్టి రొయ్యలే తినండి. నాదేం పోయింది.”

“తెత్తాన్లేవే. సందు చివరే కదా బండి.”

“మీరొచ్చేదాకా కూర్చుంటాడు పాపం ఆ బండబ్బాయి, వంకాయలు ఒళ్లో పెట్టుకుని.”

ఆ తర్వాత పంపు తిప్పిన చప్పుడు వినిపించింది. నీళ్లు పారుతూనే ఉన్నాయి. లూయిస్ సూదిలోకి దారం ఎక్కిస్తూ, “సిస్టరుగారూ, ట్యాంకు ఖాళీ అయిపోద్ది,” అన్నాడు. కాసేపాగి మళ్లీ అన్నాడు. జవాబు లేకపోతే లేచి వెళ్లాడు.

తలలో నరం చిట్లిందన్నారు. అంబులెన్సు తాళ్లరేవు దాటకముందే ఆమె చెయ్యి అతని చేతిలో బరువెక్కింది. కాకినాడ వరకూ వెళ్లారు గానీ ఆ వెళ్లడం వెళ్లాలి కాబట్టి వెళ్లడమే.

యానాంలో ఆమెను ఎరిగినవాళ్లు చాలామంది ఏదో ఒక ఏడుపుతో కలిపి గుర్తుపెట్టుకున్నారు. శివారు పల్లె అడవిపొలంలో పుట్టిన ప్రతి పిల్లా పిల్లాడూ మొదటిసారి గట్టిగా ఏడ్చింది ఆమె చేతిలోనే. వాళ్లు పెరిగి, పెళ్లిళ్లు చేసుకుని, తమ పిల్లల్ని తీసుకొచ్చి మళ్లీ ఆమె ముందే కూర్చున్నారు. టీకాలు వేసే సిస్టరు జీవితంలో సంతోషంగా ఎదురొచ్చే ముఖాలు తక్కువ. ఆమెను చూడగానే నడక వచ్చిన పిల్లలు పారిపోయేవాళ్లు, రానివాళ్లు తల్లి మెడ పట్టుకునేవాళ్లు. “నా మొహం చూసి నవ్విన పిల్లోడు ఇంతవరకూ పుట్టలేదండి,” అని లూయిస్‌తో అనేది. “నేను నవ్వాను కదే పెళ్లిచూపుల్లో,” అనేవాడు అతను. “మీకప్పుడు సూది సంగతి తెలీదుగా.”

నర్సు కావాలని ఆమె ఎప్పుడూ కలలు కనలేదు. ఫరంపేటలో వడ్రంగి కూతురు. టైపు నేర్చుకుని, ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగం చెయ్యాలనుకుంది. కాకినాడలో ట్రైనింగుకి వెళ్తే హాస్టలు, రెండుపూటలా భోజనం ఉచితమని మఠంలో కన్యాస్త్రీలు చెప్పారు. ఇంట్లో తినేవాళ్లు ఎక్కువగా ఉన్నారు. వెళ్లిపోయింది. ఫ్యాను కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్లు ఎండలోనే తిరిగింది.

తిప్పినవాడు లూయిస్. మొదట అద్దె ఆటో, తర్వాత సొంతం. బుధవారం పొద్దున్నే ఆసుపత్రి నుంచి నీలంరంగు మందుల పెట్టె, పెట్టెలో ఐసు, ఐసు మధ్య సీసాలు. వాటిని ఎక్కించుకుని అడవిపొలం తీసుకెళ్లి, ఆమె పని అయ్యేదాకా ఆటోలోనే కూర్చునేవాడు. పేపరు మొత్తం చదివేసి, ఆఖరికి టెండరు ప్రకటనలు కూడా చదివేవాడు. మధ్యమధ్యలో ఆమె గొంతు వినిపిస్తుండేది. ఆమె బతుకులో సగం అతను అలా బయట కూర్చుని విన్నదే.

ఆమెకొక పద్ధతి ఉంది. నిద్రపోతున్న పిల్లను లేపేది కాదు. “నిద్దట్లో పొడిస్తే పిల్లకి నిద్రంటే భయం పట్టుకుంటాది,” అనేది. ఏ పుస్తకంలోనూ ఉన్న మాట కాదది. తల్లి లేపబోయినా చెయ్యి పట్టుకుని ఆపేది. “పడుకోనీ. నేను ఆ వీధి చూసుకుని వత్తాను.” ఆ వీధి చూసుకుని నిజంగానే వచ్చేది. ఒక్కోసారి సాయంత్రం లూయిస్‌ని మళ్లీ తీసుకెళ్లమనేది. అతను గొణిగేవాడు. తల్లులకు మాత్రం ఆమె మీద నమ్మకం కుదిరింది ఆ ఒక్క పద్ధతి వల్లే. సూది అంటే కర్ర పట్టుకునే ముసలాళ్లు కూడా, “ఫిల్లమ్మ సిస్టరైతే రానీండ్రా,” అనేవాళ్లు.

ఇదంతా అలాగే సాగిపోయేది. రెండేళ్ల కిందట ఒక మీటింగు నుంచి ఆమె మొహం మాడ్చుకుని వచ్చింది.

ఆటో ఎక్కి పెట్టె ఒళ్లో పెట్టుకుంది. దరియాలతిప్ప రోడ్డు మలుపు దాకా పెట్టె మూత గోటితో గీకుతూనే ఉంది.

“ఎవరేమన్నారేంటి?” అన్నాడు లూయిస్ అద్దంలోంచి చూస్తూ.

“ఎవరూ ఏమన్లేదు. గోడ మీద బొమ్మేసి చూపించారు. టౌనుకో గీత, బైపాసు పక్క కొత్త లేఅవుటుకో గీత, మన అడవిపొలానికో గీత. తట్టు సూది ఎంతమంది పిల్లలకి పడిందీ అని. టౌను పచ్చరంగు. లేఅవుటు ముదురు పచ్చ. మనది పసుపు.”

“పసుపు మంచిదేగా.”

“మీకు హాస్యంగా ఉంటాది. అందరి ముందూ, ‘పల్లెటూళ్లో అవగాహన తక్కువ కదా, మీరు ఇంకాస్త శ్రద్ధ పెట్టండి సిస్టర్’ అన్నారు. శ్రద్ధంట! నా పిల్లలందరికీ పడిందండి. నా చేత్తో కాకపోతే ఇంకోళ్ల చేత్తో.”

మర్నాటి నుంచి ఆమె ఆ ఇంకోళ్ల చేతుల్ని వెతకడం మొదలుపెట్టింది. సంగతేమిటంటే అడవిపొలం కోడళ్లలో చాలామంది ఏటి అవతలివాళ్లు. ఎదుర్లంక, గుత్తెనదీవి, పొగాకులంక. పురిటికి పుట్టింటికి వెళ్తారు, ఐదో నెల దాకా, ఒక్కోసారి ఏడాది దాకా అక్కడే ఉంటారు. ఏరు దాటితే రాష్ట్రమే వేరు, ఇటు పుదుచ్చేరి, అటు ఆంధ్ర. అక్కడి సూదులు అక్కడే పడిపోతాయి. వచ్చేటప్పుడు పిల్లను తెస్తారు, ఉయ్యాల తెస్తారు, సారె తెస్తారు, టీకాల కార్డు మాత్రం అమ్మమ్మ పెట్టె అడుగున మర్చిపోతారు.

“కార్డు ఏదమ్మా?” అంటే, “మాయమ్మ దగ్గర భద్రంగా ఉందండి,” అనేవాళ్లు, అదేదో బంగారమైనట్టు.

“భద్రంగా ఉంటే నాకేం లాభం? ఫోటో తీసి పంపించమను.”

“మాయమ్మకి ఫోటో తియ్యడం రాదండి.”

“మరి మీ తమ్ముడికి రాదా? రోజూ అద్దం ముందు నిలబడి తీసుకుంటాడుగా!”

అలా తమ్ముళ్ల చేత ఫోటోలు తీయించింది. కొన్ని ఫోటోల్లో కార్డు కంటే తమ్ముడి బొటనవేలే పెద్దగా పడింది. మూలింట్లో ఉండే పాపాయమ్మ అనే ముసలావిడ మనవరాలి కార్డు దొరక్క, పిల్ల భుజం మీది మచ్చ చూపించి, “ఇదిగో, ఇదే కార్డు, ఏరు పొంగినా కొట్టుకుపోదు,” అంది. ఫిలోమినా నవ్వాపుకోలేక ఆటోలో కూర్చున్న లూయిస్‌కి చెప్పడానికి బయటికి వచ్చింది. ఆ నెల ఆఖరుకి పసుపు గీత పచ్చబడింది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ అడవిపొలం పిల్లల్ని వెతుకుతుంటే ఆమెకు ఇంకో సందేహం పట్టుకుంది. తన దగ్గర కార్డుల్లేవు గానీ పిల్లలున్నారు. లేఅవుటులో అంత ముదురు పచ్చ ఎలా వచ్చింది? రొయ్యల చెరువుల పనికీ, మేత కొట్లలో పనికీ, కొత్తగా వచ్చిన షాపుల్లో పనికీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లంతా అక్కడే అద్దెకుంటున్నారు. లూయిస్ ఆటో ఎక్కేవాళ్లలో సగం మంది ఆ లేఅవుటు మనుషులే, వాళ్ల ఒళ్లో పసిపిల్లలే. గోడ మీది బొమ్మలో మాత్రం అక్కడ పిల్లలు చాలా కొద్దిమంది. ఆ కొద్దిమందీ సొంతిళ్లవాళ్ల పిల్లలు. మిగతావాళ్లేరి?

ఆ జవాబు ఆమెకు తెలియంది కాదు. యానాంలో ఉన్నవాళ్లకు ఎవరికైనా తెలిసిందే. అద్దె ఇంటి చిరునామా మీద ఏ కార్డుకీ ఓనరు ఒప్పుకోడు. యానాం చిరునామా ఉంటే పిల్లకు రేపు చదువుకీ ఉద్యోగానికీ అక్కరకొస్తుందని అందరి ఆశ. అందుకని పిల్ల పేరు టౌన్లో ఉన్న మేనత్త ఇంట్లోనో పెద్దమ్మ ఇంట్లోనో రాయిస్తారు. పిల్ల ఉండేది లేఅవుటులో. పేరు ఉండేది టౌన్లో. టౌన్లో అడిగితే మేనత్త, “ఆయ్, వాళ్లమ్మ వేయించేసిందండి,” అంటుంది. లేఅవుటులో అడిగితే తల్లి, “మాది టౌన్లో రాసుకున్నారండి,” అంటుంది. ఇద్దరూ అబద్ధం చెబుతున్నామని అనుకోరు. సూది పడని పిల్ల రెండు పచ్చరంగుల మధ్య ఆడుకుంటూ ఉంటుంది.

ఇదే మాట ఆమె ఆసుపత్రిలో డాక్టరు వీణతో చెప్పింది. వీణ చిన్న వయసు మనిషి, వినే అలవాటున్న మనిషి. వెంటనే ఒప్పుకుంది. “నాకూ అనుమానంగానే ఉంది సిస్టర్. కానీ అక్కడి సిస్టరు డెలివరీ లీవులో ఉంది. మీరే చూడగలరా?”

“అడిగి తెచ్చుకున్నానండి,” అంది ఆ సాయంత్రం ఫిలోమినా. సంతోషమో విసుగో లూయిస్‌కి అర్థం కాలేదు. “మీ ఆటోకి ఇంకో రూటు.”

లేఅవుటు పని ఆమెకు అలవాటైన పని కాదు. అడవిపొలంలో గుమ్మాలకు తలుపులుంటాయి గానీ మూసి ఉండవు. ఇక్కడ గేట్లు. గేటుకి బెల్లు. బెల్లు కొడితే ఓనరు వస్తాడు, అద్దెవాళ్లు రారు. ఊళ్లో ఏ ఇంట్లో తట్టు పోసినా గుమ్మానికి వేపమండ కడతారు. అది చూసి ఆ వీధిలో పిల్లలందరినీ ఆమె ఒకసారి చూసి వచ్చేది. లేఅవుటులో అమ్మిరాజు అనే ఓనరు తన మూడంతస్తుల మేడ గేటుకి ఎవరో కట్టిన మండని లాగి పారేశాడు. “ఇవన్నీ కట్టారంటే కొత్తగా ఎవడూ అద్దెకి రాడండి,” అన్నాడు ఆమెతో, న్యాయంగా మాట్లాడుతున్నట్టు.

“ఎవరింట్లో పోసిందండి మరి?”

“ఎవరికీ పోయలేదండి. ఏదో మొక్కట. వెళ్లండి వెళ్లండి, మా మేడలో అందరూ చదువుకున్నోళ్లే.”

ఏటి అవతల లంకల్లో తట్టు తిరుగుతోందన్న మాట అప్పటికే ఆమె చెవిన పడింది. సూది పడని పిల్లలు లేఅవుటులో ఎంతమందో ఎవరికీ తెలియదు. జొరం ఏరు దాటేలోపు ఆ పిల్లల్ని పట్టుకోవాలి. ఆ రోజుల్లో ఆమెకు వేరే ధ్యాస లేదు. అన్నం ముందు కూర్చుని కూడా, “ఆ చివరి మేడలో పై వాటా చూశానా?” అనేది. లూయిస్ చేపముల్లు తీస్తూ, “చూశావే, నేను హారను కొడితే కిటికీలోంచి తిట్టారుగా,” అనేవాడు.

ఆ రోజు గురువారం. మబ్బు పట్టి ఉంది. అమ్మిరాజు మేడలోనే రెండో అంతస్తు. లూయిస్ కింద ఆటోలో ఉన్నాడు. పై వసారా రోడ్డు మీదికే కాబట్టి మాటలు వినిపిస్తున్నాయి. తలుపు సగం తీసింది ప్రియాంక అనే అమ్మాయి. మొగుడు దుర్గాప్రసాద్ మేత కొట్టులో పని. ఆమె కూడా రొయ్యల షెడ్డుకి వెళ్తుంది. ఒక కూతురు, సత్యశ్రీ. రెండేళ్లు ఇంకా నిండలేదు.

“పాప ఏదమ్మా?”

“పడుకుందండి లోపల.”

“తట్టు సూది వేయించారా? తొమ్మిదో నెల్లో ఒకటి, ఏడాదిన్నరకి ఒకటి?”

“వేయించేశామండి. టౌన్లో. మా ఆడపడుచు వాళ్లింటి దగ్గర.”

“కార్డుందా?”

“అక్కడే ఉందండి.”

“పాపని ఒక్కసారి చూసెళ్తాను.”

“ఇప్పుడే పడుకుందండి. రాత్రంతా ఏడిసింది, పళ్లొస్తన్నాయి.”

తర్వాత ఫిలోమినా గొంతు. “సరేలే, పడుకోనీ. లేపకు. మళ్లీ వత్తాను.”

మెట్లు దిగి వచ్చి ఆటోలో కూర్చుని ఆ ఆడపడుచుకు ఫోన్ చేసింది. సాయిలక్ష్మి ఆవిడ పేరు. టౌన్లో ఫ్యాన్సీ కొట్టు. “మా సత్యశ్రీ కదండీ! వేయించేశారండి. వాళ్లమ్మగారి ఊళ్లో, గుత్తెనదీవిలో. ఆయ్, కార్డు కూడా అక్కడే ఉంటాదండి.”

ఆటో బైపాసు ఎక్కింది. సగం దూరం వెళ్లాక ఫిలోమినా, “ఏవండీ, ప్రియాంక టౌన్లో వేయించానంది. ఈవిడ గుత్తెనదీవిలో అంటంది,” అంది.

“వెనక్కి తిప్పనా?”

ఆమె మబ్బు వంక చూసింది. పెట్టెలో ఐసు కరుగుతోంది. అగ్రహారంలో ఇంకా నాలుగిళ్లున్నాయి. “పిల్ల పడుకుందిగా. రేపు వద్దాం.”

రేపు రాలేకపోయారు. ఆ రాత్రే వాయుగుండం పట్టింది. రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు, ఆసుపత్రిలో మందులు పాడవకుండా చూసుకోవడమే అందరి పని. వాన తెరిపివ్వగానే ఆమె లేఅవుటుకి వెళ్లింది. ప్రియాంక వాళ్ల తలుపుకి తాళం. పక్క వాటా ఆవిడ చెప్పింది. పిల్లకు ఒంటి నిండా పోసిందట, జొరం తగ్గలేదట, ఫిట్సు వచ్చి నోట్లోంచి నురగ వచ్చిందట. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారట.

లూయిస్ కింద నుంచి చూశాడు. ఆమె ఆ తాళం ముందు నిలబడి ఉంది. గొడుగు మూసి పట్టుకుని తడుస్తోంది.

కాకినాడకి అతనే తీసుకెళ్లాడు. వార్డు బయట బల్ల మీద ప్రియాంక కూర్చుని ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది. ఫిలోమినా ఆమె ముందు నేల మీద కూర్చుంది. యూనిఫాం చీరతో ఆసుపత్రి నేల మీద కూర్చోవడం అతను ఎప్పుడూ చూడలేదు.

“తల్లీ, ఆ రోజు నేను లోపలికి రావాల్సింది. పడుకుందని వెళ్లిపోయాను. లేపి, ఒంటి మీద చెయ్యేసి చూడాల్సింది. సూదేసి వెళ్లాల్సింది. నన్ను క్షమించు తల్లీ.”

ప్రియాంక మొహం పక్కకి తిప్పుకుంది. దుర్గాప్రసాద్ వచ్చి, “ఇప్పుడవన్నీ ఎందుకులెండి మేడంగారూ,” అన్నాడు. ఆ మాట దయతో అన్నాడో కోపంతో అన్నాడో తెలియలేదు.

తిరిగి వస్తుంటే ఫిలోమినా, “చూశారా, నా మొహం కూడా చూడలేకపోయింది,” అంది.

“బాధలో ఉన్న మనిషే. నీ మీద కోపమెందుకు?”

“కోపం కాదండి. నిజం. దానికి తెలుసు, నాకూ తెలుసు.”

పిల్ల బతికింది. మెదడుకు వాపు వచ్చి తగ్గింది. ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు గానీ రెండు చెవులూ వినబడటం లేదని తేలలేదు. అప్పుడప్పుడే వచ్చిన అమ్మ, అత్త, కాకి అన్న మాటలు ఒక్కొక్కటే పోయాయి. ఫిలోమినా ఒకసారి వెళ్లి పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. పిల్ల ప్లాస్టిక్ గిన్నెలో మట్టి పోసుకుంటూనే ఉంది. ఆ తర్వాత ఆమె ఆ ఇంటికి వెళ్లలేదు. ఏదైనా కావాలంటే లూయిస్ చేత పంపేది. కాకినాడలో చెవి మిషన్ల కోసం ఎవరిని కలవాలో, ఏ రోజు వెళ్లాలో, అన్నీ కనుక్కుని అతనికి చెప్పి పంపేది.

లేఅవుటును మాత్రం వదల్లేదు. అమ్మిరాజు మేడ కింద కార్లు పెట్టే చోటే బల్ల వేసి కూర్చుంది. అతను ఈసారి అడ్డు చెప్పలేదు, పైగా కుర్చీలు దింపించాడు. అద్దె ఇళ్లన్నీ ఎక్కి దిగింది. పిల్లను కళ్లతో చూడకుండా ఏ గుమ్మమూ వదల్లేదు. ఆమె చూసేకొద్దీ కొత్త పిల్లలు బయటపడ్డారు, బయటపడేకొద్దీ లేఅవుటు గీత పచ్చ నుంచి పసుపుకీ, పసుపు నుంచి ఎరుపుకీ జారింది. “మీరు కష్టపడేకొద్దీ మన శాతం పడిపోతోంది సిస్టర్,” అని వీణ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసింది. తర్వాత నెమ్మదిగా పెరిగింది. తట్టు ఆ మేడ దాటి ఇంకొద్ది ఇళ్లకు పోయింది గానీ ఇంకే పిల్లకూ ఫిట్సు దాకా రాలేదు. వీణ ఆ మాట చెప్పి భుజం తట్టింది. ఫిలోమినా తలూపి పెట్టె తీసుకుని వచ్చేసింది.

అప్పటి నుంచి ఆమె నిద్రపోతున్న పిల్లల్ని లేపడం మొదలుపెట్టింది.

లేఅవుటులోనే కాదు, అడవిపొలంలోనూ. ఉయ్యాలలో పిల్ల పెదాలు చప్పరిస్తూ పడుకుని ఉంటే, తల్లి “ఇప్పుడే పడుకుందండి” అంటే, ఫిలోమినా మొహం పాలిపోయేది. వంగి, పిల్లను రెండు చేతులతో ఎత్తి, చెవి వెనకా మెడ మీదా చూసి, తొడ మీద సూది పొడిచేది. నిద్దట్లో ఉలిక్కిపడి ఏడ్చే ఏడుపు వేరుగా ఉంటుంది. ఆటోలో పేపరు పట్టుకుని కూర్చున్న లూయిస్‌కి ఆ తేడా తెలిసేది. తల్లులు నొచ్చుకున్నారు. “సిస్టరమ్మ పూర్వంలా లేదు,” అనుకున్నారు. పాపాయమ్మ మొహం మీదే అంది: “ఏంటే ఫిల్లమ్మా, పసిదాన్ని అలా లేపి పొడిచేత్తన్నావ్? దొంగలాగా!”

“దొంగనేలే పిన్నీ,” అంది ఫిలోమినా. “నువ్వు తిట్టు.”

ఇంటికి వచ్చాక చేతులు కడుక్కుంటూ చాలాసేపు నిలబడేది. లూయిస్ ఎన్నో విధాల చెప్పి చూశాడు. తల్లి అబద్ధం చెబితే నువ్వేం చేస్తావన్నాడు. వానొచ్చింది కదా అన్నాడు. ఫాదరు చేత చెప్పించాడు. కాకినాడలో కాపురమున్న కూతురు కీర్తి వచ్చి వారం రోజులు ఉండి తల్లి తలకు నూనె రాసి వెళ్లింది. ఫిలోమినా అందరి మాటా వినేది. చివరికి ఒకటే అనేది. “పాప అక్కడే, గోడకి అవతలే ఉందండి. నేను నాలుగడుగులు వెయ్యలేదు.”

ఆమె పోయే రోజు దాకా ఆ మాట అలాగే ఉంది.

నెల తిరిగాక చర్చి గుడిలో ఆమె పేరు మీద పూజ చెప్పించారు. అడవిపొలం నుంచి ఆడవాళ్లు ట్రాక్టరు మాట్లాడుకుని వచ్చారు. హిందువులూ వచ్చారు, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక ముందు బల్లవాళ్లను చూసి లేస్తూ కూర్చుంటూ ఉన్నారు. పూజ అయ్యాక అందరూ వెళ్లిపోయారు. గేటు దగ్గర ప్రియాంక నిలబడి ఉంది. చంకలో సత్యశ్రీ. పిల్ల చెవుల వెనక చిన్న మిషన్లు, అవి ఊడకుండా తల చుట్టూ గులాబీరంగు పట్టీ.

“రా తల్లీ, దింపేత్తాను,” అన్నాడు లూయిస్.

ఆటో ఎక్కింది. బైపాసు దాకా పాప తల పట్టీ సర్దుతూనే ఉంది. పిల్ల ముందుకు వంగి హారను బుడ్డి నొక్కాలని చూస్తోంది. లూయిస్ తనే చెయ్యి పట్టుకుని నొక్కించాడు. పిల్ల ఆగి, మళ్లీ నొక్కింది.

“బాబాయ్‌గారూ, ఆపండి ఒకసారి.”

పక్కకి తీసి ఆపాడు.

“ఆసుపత్రిలో అమ్మగారు నన్ను క్షమించమని అడిగారు. నేలమీద కూర్చుని అడిగారు. నాకు నోరు రాలేదు బాబాయ్‌గారూ. చెప్దామనే అనుకున్నాను. తర్వాత కూడా అనుకున్నాను. అమ్మగారు మీ చేతే పంపేవారు, చప్పట్లు కొట్టి చూసిన ఆ ఒక్కరోజు తప్ప ఆవిడ రాలేదు. వత్తే చెప్పేద్దునేమో.”

“ఏం చెప్పాలమ్మా?”

“పాప ఇక్కడ ఉండట్లేదని తెలిస్తే యానాంలో పేరు కొట్టేత్తారని మేడలో అందరూ అనేవారు. షెడ్డుకెళ్తే పాపనెవరు చూత్తారు? మాయమ్మ దగ్గర వదిలేశాను. ఎవరడిగినా పడుకుందనే చెప్పేదాన్ని. సూది ఆయనేమో నేను వేయించాననుకున్నారు, నేనేమో మాయమ్మ వేయించేసిందనుకున్నాను.”

లూయిస్ హ్యాండిలు పట్టుకునే కూర్చున్నాడు. పిల్ల మళ్లీ హారను నొక్కింది.

“అమ్మగారు తలుపు కొట్టిన రోజు మా ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అంతకు మూణ్ణాలుగు రోజుల ముందే పాపకి గుత్తెనదీవిలో ఒళ్లంతా తట్టు పోసేసింది.”